విటమిన్ డీతో పాటు కే2 ఉన్న గుళిక మావగారికి ఇవ్వొచ్చా?

మీరు రాసిన సంగతి నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. అత్తగారికి 66 ఏళ్లు, ఒళ్లు నొప్పులని రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డీ 11 వచ్చింది, అంటే బాగా తక్కువ. డాక్టరు 60,000 యూనిట్ల గుళిక వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు వేసుకోమన్నారు. మావగారు గుండె వాల్వ్ మార్పించుకున్నారు, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారు. ఇంతలో చుట్టాల వాట్సాప్ గ్రూపులో "డీ ఒక్కటే వేసుకుంటే ఒంటికి పట్టదు, ఏ, డీ, ఈ, కే2 నాలుగూ కలిసింది వేసుకోవాలి" అని ఎవరో పెట్టారు. మీరు ఆన్‌లైన్‌లో ఒక డబ్బా తెప్పించారు. ఇద్దరికీ రోజూ ఒకటి ఇవ్వొచ్చా, అసలు కొవ్వులో కరిగే విటమిన్లంటే ఏమిటి అని అడిగారు.

మిగతాది చదివే ముందు ఒక్క పని చేయండి. ఆ డబ్బా మావగారి చేతికి అందకుండా పక్కన పెట్టేయండి. ఆయన మాత్రల స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది, చూడండి. వార్ఫరిన్ అనో, ఎసినోకౌమరాల్ అనో ఉంటే కే2 (విటమిన్ కేలో ఒక రకం) ఉన్న గుళిక డాక్టరుకి చెప్పకుండా ఒక్కటి కూడా ఇవ్వకూడదు. ఇప్పటికే నాలుగైదు రోజులు ఇచ్చి ఉంటే కంగారు పడొద్దు, కానీ దాచొద్దు కూడా. రేపే డాక్టరుకి ఫోన్ చేసి విషయం చెప్పి, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించండి. మాత్ర మోతాదు మాత్రం మీ అంతట మీరు పెంచడం, తగ్గించడం వద్దు.

మాది హిందూపురం. బెంగళూరు ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా 22 ఏళ్ల నుంచి పనిచేస్తున్నాను. మందులు రాసేది, మార్చేది డాక్టర్లే. ఆ మందులకీ మన పళ్లెంలో ఉండేదానికీ పొత్తు కుదిర్చే పని నాది. మీలాంటి ప్రశ్న నెలకి రెండుమూడు సార్లయినా నా ముందుకొస్తుంది, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

క్యారెట్ వేపుడు చేసేటప్పుడు మూకుడులోకి ఒకసారి సరిగ్గా చూడండి. ఐదు నిమిషాలకి నూనె అంచులు నారింజ రంగుకి తిరుగుతాయి. ఆ రంగే బీటా కెరోటిన్, మన ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం. అదే క్యారెట్‌ని ఉత్త నీళ్లలో ఉడికిస్తే ఆ నీళ్లు అంతగా రంగెక్కవు. రసం మీద తేలే పోపు చుక్కలు ఎర్రగా మెరిసేదీ, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఎర్రబడేదీ ఇందుకే. మిరప ఎరుపు నీళ్లలోకి రాదు, నూనెలోకి వస్తుంది. ఏ, డీ, ఈ, కే నాలుగు విటమిన్లదీ అదే స్వభావం.

తిన్న తర్వాతా అంతే. పేగులోకి చేరిన కొవ్వును పైత్యరసం సన్నటి తుంపరగా విడగొడుతుంది, సబ్బు జిడ్డును నీళ్లలో కలిపినట్టు. ఈ నాలుగు విటమిన్లూ ఆ తుంపరలో దూరి పేగు గోడను దాటుతాయి. బీ, సీ విటమిన్లలా నేరుగా రక్తంలోకి వెళ్లవు, కొవ్వుతో పాటు ముందు లింఫ్ నాళాల్లోకి వెళ్లి అక్కడి నుంచి రక్తంలో కలుస్తాయి. అంటే తిండిలో కాస్త కొవ్వు ఉండాలి, పైత్యరసం సరిగా దిగాలి. పిత్తాశయంలో రాయి జారి పైత్యనాళానికి అడ్డుపడి కామెర్లు వచ్చినవాళ్లకి సూది గుచ్చిన చోట రక్తం ఆగడం ఆలస్యమవుతుంది. పైత్యం పేగులోకి రాకపోతే విటమిన్ కే ఒంటికి ఎక్కదు మరి. అలాంటప్పుడు విటమిన్ కే ఇంజెక్షన్ ఇచ్చి మర్నాడు రక్తం గడ్డకట్టే సమయం చూస్తారు. అది సరిపడితే పైత్యం అందకనే లోటు వచ్చిందని, సరిపడకపోతే లివరే దెబ్బతిని ఉండొచ్చని డాక్టర్లకి ఒక అంచనా దొరుకుతుంది.

రెండో తేడా నిల్వలో ఉంది, మీ ప్రశ్నకి అసలు జవాబు కూడా అక్కడే ఉంది. బీ, సీ విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. బీ కాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం పచ్చగా రావడం అందరూ చూసే ఉంటారు. కొవ్వులో కరిగేవి అలా పోవు. విటమిన్ ఏ లివర్‌లో, విటమిన్ డీ, విటమిన్ ఈ కొవ్వులో చేరి వారాలు, నెలలు కూర్చుంటాయి. విటమిన్ ఏ నిల్వ బాగా ఉన్నవాళ్లకి కొన్ని నెలలు తిండిలో అందకపోయినా లోటు బయటపడదు. విటమిన్ కే ఒక్కటే ఇందులో వేరు. దాని నిల్వ చాలా తక్కువ, చకచకా ఖర్చైపోతుంది. నాలుగు రకాల నడవడిక ఉన్న నాలుగు విటమిన్లని ఒకే గుళికలో పోసి ఇంటిల్లిపాదికీ రోజూ ఒకటి అనడం నాకు అస్సలు నచ్చదు.

అత్తగారి డీ గురించి మొదట చెప్తాను, ఎందుకంటే అది మా ఇంట్లో జరిగింది.

మా పెద్దమ్మకి కూడా ఇలాగే డీ తక్కువని 60,000 గుళిక వారానికొకటి రాశారు. మందుల షాపులో కవరు మీద "1" అని మాత్రం గీసి ఇచ్చారు, వారం అన్న మాట లేదు. పెద్దమ్మ దాన్ని బీపీ మాత్రతో కలిపి రోజూ టిఫిన్ అయ్యాక వేసుకుంది. స్ట్రిప్ అయిపోగానే పక్కింటి అబ్బాయితో ఇంకోటి తెప్పించుకుంది. రెండు నెలలు అలాగే గడిచాయి. నేను సెలవుకి వెళ్లేసరికి మంచం పక్కన రెండు చెంబులు నీళ్లు పెట్టుకుని ఉంది. ఒకటే దాహం, రాత్రికి ఐదారుసార్లు లేస్తోంది, వారం రోజులుగా విరేచనం లేదు, అన్నం చూస్తే వాంతి. నన్ను చూసి మా అమ్మ పేరుతో పిలిచింది. షుగర్ వచ్చిందేమో అని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు. మాత్రల డబ్బా తెరిచి చూశాను. ఖాళీ స్ట్రిప్పులు, ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరు బ్యాండు వేసి దాచింది, పధ్నాలుగు. స్ట్రిప్‌కి నాలుగు గుళికలు. వేసుకోవలసినవి ఎనిమిది, వేసుకున్నవి 56.

రక్తంలో కాల్షియం 13.6 వచ్చింది. మామూలుగా పదిన్నర దాటకూడదు. డీ ఎంతో మెషీన్ చెప్పలేకపోయింది, "150 పైన" అని మాత్రం ఇచ్చింది. కిడ్నీ కూడా దెబ్బతినడం మొదలైంది. సెలైన్ ఎక్కించారు, డీ, కాల్షియం రెండూ ఆపేశారు, కొన్నాళ్లు పాలు, పెరుగు కూడా తగ్గించారు. కొవ్వులో చేరిన డీ మెల్లగా బయటికొస్తూనే ఉంటుంది కాబట్టి కాల్షియం అదుపులోకి రావడానికి మూడు నెలలు పట్టింది. పెద్దమ్మ కోలుకుంది. కానీ ఆ రబ్బరు బ్యాండు వేసిన స్ట్రిప్పులు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి.

లెక్క చూడండి. మన జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ 2020లో ఇచ్చిన సిఫారసు ప్రకారం రోజుకి కావలసిన డీ 600 యూనిట్లు. అంటే ఒక్క గుళికలో వంద రోజుల డీ ఉంది. లోటు ఉన్నప్పుడు గుంట పూడ్చడానికి అది మంచి మందే, డాక్టరు రాసింది సరిగ్గానే ఉంది. వారం తప్పకుండా చూసుకోవలసింది మీరు. గోడ మీది క్యాలెండర్‌లో ఎనిమిది ఆదివారాలకి సున్నా చుట్టండి. వేసుకోగానే అత్తగారి చేతే కొట్టేయించండి. ఖాళీ కడుపున కాకుండా, మధ్యాహ్నం పప్పూ నెయ్యీ కలిపి అన్నం తిన్నాక వేయండి. ఆమెకి కిడ్నీలో రాళ్లు గానీ, కిడ్నీ జబ్బు గానీ ఉన్నా, బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్తాలిడోన్ లాంటి మందు ఉన్నా డాక్టరుకి గుర్తుచేయండి. ఆ మందులు కాల్షియాన్ని ఒంట్లోనే నిలిపేస్తాయి. మీరు తెప్పించిన డబ్బాలోనూ డీ ఉంది కదా, డాక్టరు రాసిన ఎనిమిది వారాల గుళికకి అది తోడవుతుంది. అందుకే ఆమెకి కూడా అది వద్దు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. "మా అత్తగారు రోజూ ఆరింటికి వాకింగ్ వెళ్తారు, అయినా డీ తక్కువెందుకు" అని అడిగారు. లాల్‌బాగ్‌లోనూ, కబ్బన్ పార్కులోనూ పొద్దున్నే నడిచే చాలామంది ఇదే అనుకుంటారు. నడక మోకాళ్లకీ, షుగర్‌కీ, మనసుకీ మంచిది. డీకి మాత్రం ఆ వేళ పనికిరాదు. చర్మంలో ఉండే ఒక రకం కొలెస్టరాల్ మీద అతినీలలోహిత కిరణాల్లో బీ రకం పడితేనే డీ తయారవుతుంది. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిపొరల్లోనే ఆగిపోతాయి. నేలమీద మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు అవి బాగా అందుతాయి. మన ఇళ్లల్లో చెప్పుకోవాలంటే వడియాలు ఎండే ఎండ కావాలి. పది, పదకొండు గంటల వేళ చేతులు, కాళ్లు కాస్త బయటపెట్టి ఇరవై నిమిషాలు, వారానికి మూడు నాలుగు రోజులు. మన రంగు చర్మానికి తెల్లవాళ్లకంటే ఎక్కువసేపు పడుతుంది. బాల్కనీ అద్దం వెనక కూర్చుంటే ఎంతసేపున్నా లాభం లేదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. బెంగళూరైనా చెన్నై అయినా భూమధ్యరేఖకి ఉత్తరాన దాదాపు 13 డిగ్రీల్లోనే ఉన్నాయి, ఎండకి కొరత ఉన్న ఊళ్లు కావు. కొరత మనం ఎండలోకి వెళ్లడంలో ఉంది. టవర్ల నీడలో పెరుగుతూ, ఏసీ బస్సులో స్కూలుకెళ్లి వచ్చే పిల్లల్లో దొడ్డికాళ్లు మళ్లీ చూస్తున్నాం, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

చర్మంలో తయారైన డీ అలాగే పనిచేయదు. లివర్‌లో ఒక మార్పు, కిడ్నీలో మరో మార్పు జరిగాకే అది పేగుల నుంచి కాల్షియాన్ని లాగగలిగే హార్మోన్ అవుతుంది. రక్తపరీక్షలో చూసేది లివర్‌లో మారిన రూపాన్ని. కిడ్నీ జబ్బున్నవాళ్లకి వేరే రకం డీ రాసేది అందుకే. తిండి నుంచి వచ్చే డీ తక్కువే. గుడ్డు పచ్చసొన, కొవ్వున్న చేపల్లో కొంత ఉంటుంది. విటమిన్లు కలిపారని తెలిపే నీలిరంగు ప్లస్ ఎఫ్ గుర్తున్న పాల ప్యాకెట్ కొంటే లీటరుకి 200 నుంచి 300 యూనిట్లు కలుస్తాయి. లోటు తీర్చడానికి అది చాలదు, తీరినదాన్ని నిలుపుకోవడానికి సాయపడుతుంది.

ఇక మావగారి విషయం.

విటమిన్ కేకి ఆ పేరు పెట్టింది డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, 1935లో. రక్తం గడ్డకట్టడానికి వాళ్ల భాషలో ఉన్న మాటలోని మొదటి అక్షరం కే. 1943 నోబెల్ బహుమతిని ఆయన, ఎడ్వర్డ్ డాయిజీ ఈ విటమిన్ మీది పనికే పంచుకున్నారు. లివర్‌లో తయారయ్యే గడ్డకట్టే ప్రొటీన్లలో నాలుగింటికి విటమిన్ కే ఒక కొక్కెం తగిలిస్తుంది. ఆ కొక్కెం కాల్షియాన్ని పట్టుకుంటేనే ప్రొటీన్ పనిలోకి దిగుతుంది. వాడేసిన విటమిన్ కేని ఒళ్లు పారేయదు, మళ్లీ పనికొచ్చేలా మార్చుకుంటుంది. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ అడ్డుకునేది సరిగ్గా ఆ మార్చుకోవడాన్నే. లోహపు వాల్వ్ మీద రక్తం గడ్డకట్టకూడదని డాక్టరు మందు ఇస్తుంటే, మనం రోజూ ఒక కే2 గుళిక ఇస్తే ఆ మందుకి ఎదురు నడిచినట్టే. కే2లో ఎంకే7 అనే రకం ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది, కొద్ది మైక్రోగ్రాములు కూడా ఐఎన్‌ఆర్‌ని దించగలవు. ఐఎన్‌ఆర్ దిగితే వాల్వ్ మీద గడ్డ కట్టొచ్చు, అది మెదడుకి చేరితే పక్షవాతం.

ఒకవేళ స్ట్రిప్ మీద ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సబాన్ లాంటి పేర్లుంటే వాటికీ విటమిన్ కేకీ సంబంధం లేదు. అయినా డాక్టరునే అడగండి, ఎందుకంటే అదే గుళికలోని విటమిన్ ఈ వాటితో కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు.

"అయితే ఆకుకూరలు మానేయాలా" అన్నది మీరు అడగకపోయినా తర్వాత వచ్చే ప్రశ్న. మానొద్దు. మదనపల్లె నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చేవారు, మీ మావగారిలాగే వాల్వ్ ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి రెండు వారాలున్నారు. పెరట్లో తోటకూర, చెట్టు మీద మునగాకు, రోజూ ఏదో ఒక ఆకు పళ్లెంలో ఉంది. తిరిగొచ్చాక ఐఎన్‌ఆర్ చూస్తే 2.8 ఉండేది 1.6కి వచ్చింది. ఎవరో భయపెడితే ఆకన్నది ముట్టడం మానేశారు. అప్పటికే మందు మోతాదు పెంచి ఉండటంతో మూడు వారాలకి ఐఎన్‌ఆర్ 5 దాటింది, పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. ఇద్దరం కూర్చుని వారానికి మూడు రోజులు, పూటకి ఒక గరిటె ఆకుకూర పప్పు అని తేల్చుకున్నాం. ఊరెళ్లినా అంతే, ఇక్కడున్నా అంతే. మోతాదు ఆయన తిండికి తగ్గట్టు డాక్టరు సర్దారు. ఆ తర్వాత రెండేళ్లు ఆయన ఐఎన్‌ఆర్ పెద్దగా ఊగలేదు. పాలకూర, తోటకూర, మెంతికూర, మునగాకు అన్నిట్లో కే బాగా ఉంటుంది. మీ మావగారికీ అదే చెప్పండి, తినేది హెచ్చుతగ్గులు లేకుండా తినమని.

"కే2 లేకపోతే కాల్షియం రక్తనాళాల్లో పేరుకుంటుంది" అన్న మాట కూడా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అందులో కొంత సైన్స్ ఉంది. ఎముకల్లో, రక్తనాళాల గోడల్లో ఉండే కొన్ని ప్రొటీన్లకి కూడా విటమిన్ కే కావాలి. కానీ అక్కడి నుంచి, డీ వేసుకునే ప్రతివాళ్లూ కే2 వేసుకోవాలి అనేదాకా వెళ్లడానికి చాలినంత ఆధారం లేదు. అత్తగారికి ఎనిమిది వారాల కోర్సుకి దాని అవసరం లేదు. ఇంట్లో రెండు రకాల గుళికలు ఉంటే ఒకరిది ఒకరు వేసుకునే ప్రమాదం కూడా ఉంది.

విటమిన్ ఏ విషయానికొస్తే, మా చిన్నప్పుడు అంగన్‌వాడీ ఆయమ్మ మా తమ్ముడి నోట్లో చెంచాతో పచ్చటి నూనెలాంటి మందు పోయడం నాకు గుర్తుంది. దేశంలో 1970లో మొదలైన పథకం అది. తొమ్మిది నెలల వయసులో లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఐదేళ్లు నిండేవరకు ఆరు నెలలకోసారి రెండు లక్షలు. లివర్ దాచుకుంటుంది కాబట్టే ఆరు నెలలకి ఒక చెంచా చాలుతుంది. కంటి లోపలి పొర రెటీనాలో వెలుతురు పట్టే పదార్థం విటమిన్ ఏ లేకుండా తయారవదు, అందుకే లోటు మొదట రేచీకటిగా కనబడుతుంది. తర్వాత కన్ను పొడిబారుతుంది, తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలొస్తాయి. పసిపిల్లల చూపు పోగొట్టిన జబ్బు అది. మీ ఇంట్లో ఆ లోటు వచ్చే తిండి లేదు. పప్పులో ఆకు, మామిడి, బొప్పాయి, గుమ్మడి, నెయ్యి, గుడ్డు ఉంటే చాలు. మొక్కల నుంచి వచ్చే కెరోటిన్‌ని ఒళ్లు కావలసినంతే విటమిన్ ఏగా మార్చుకుంటుంది. రోజూ క్యారెట్ గుజ్జు పెడితే పిల్లల అరచేతులు పచ్చబడతాయి, కామెర్లని తల్లులు పరుగెత్తుకొస్తారు. కంటి తెల్లగుడ్డు తెల్లగానే ఉంటే అది క్యారెట్టే, తగ్గిస్తే పోతుంది. గుళికలో రెటినాల్ అనే తయారు రూపంలో ఉన్న విటమిన్ ఏ అలాంటిది కాదు. అది పేరుకుంటే తలనొప్పి, జుట్టు రాలడం, లివర్ దెబ్బతినడం వరకు వెళ్లొచ్చు. మీరు గానీ, ఇంట్లో ఇంకెవరైనా గానీ పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే ఆ డబ్బాకి దూరంగా ఉండండి. గర్భంలో తొలి వారాల్లో రెటినాల్ ఎక్కువైతే బిడ్డ అవయవాలు ఏర్పడటంలోనే లోపాలు రావొచ్చు.

విటమిన్ ఈ గురించి రెండు మాటలు చాలు. కణాల పైపొరల్లోని కొవ్వు పాడవకుండా కాపాడుతుంది. వేరుశెనగలు, పొద్దుతిరుగుడు నూనె, బాదం తినే ఇంట్లో దీని లోటు రాదు. చర్మం మెరుపు కోసమని విటమిన్ ఈ ఉన్న ఆకుపచ్చ గుళికలు నెలల తరబడి మింగేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. అమెరికాలో 35 వేలకి పైగా మగవాళ్ల మీద చేసిన సెలెక్ట్ అనే పరీక్షలో రోజూ 400 యూనిట్ల విటమిన్ ఈ వేసుకున్నవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనబడింది. 2011లో ఆ ఫలితం వచ్చింది. మావగారికి ఇవ్వకూడదని చెప్పడానికి ఇది రెండో కారణం.

వంటింట్లో మీరు మార్చవలసింది పెద్దగా ఏమీ లేదు. బరువు తగ్గాలని నూనె పూర్తిగా మానేసి ఉడికించిన కూరలే పెడుతున్నానని రాశారు, అది ఒక్కటి ఆపండి. పూటకి మనిషికి ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ ఉంటే ఆకులోని కెరోటిన్, కే ఒంటికి ఎక్కుతాయి. ఎవరైనా బరువు తగ్గడానికి ఆర్లిస్టాట్ వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి, కొవ్వుతో పాటు ఈ నాలుగు విటమిన్లనీ అది బయటికి తోసేస్తుంది.

అత్తగారికి కోర్సు అయ్యాక, మొదలుపెట్టిన రోజు నుంచి మూడు నెలలకి డీ, దాంతో పాటు కాల్షియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించండి. ఆ రిపోర్టు చూసి రోజుకి తక్కువ మోతాదా, నెలకి ఒక గుళికా అన్నది డాక్టరు చెప్తారు. డబ్బా సీలు విప్పకపోయి ఉంటే వెనక్కి పంపేయండి. మావగారి స్ట్రిప్ మీద ఉన్న పేరూ, చివరిసారి వచ్చిన ఐఎన్‌ఆర్ ఎంతో, ఆ గుళికలు ఎన్ని రోజులు వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని ఫోన్ దగ్గర కూర్చోండి, డాక్టరు ముందు అడిగేవి ఆ మూడే.